ముందు సరుకు, తర్వాత కత్తి, ఆఖర్న మిషను

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే మన ఊళ్ళ లెక్కలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ మనమే జవాబుదారీ. ఇన్వర్టర్ కూత పెట్టినా మనకే ఫోను, పొలం కాగితం ఆన్‌లైన్లో కనపడకపోయినా మనకే ఫోను. కాబట్టి నల్లగొండలో స్టిక్కర్ల షాపు నడిపే మా చిన్నమ్మ కొడుకు "అన్నా, ఫ్లాట్‌బెడ్ కటింగ్ మిషిన్ కొందామనుకుంటున్న. మూడు కొటేషన్లు వచ్చినయ్. ఏది మంచిదో జర చూసి చెప్పు" అన్నప్పుడు నాకేం ఆశ్చర్యం వేయలేదు. ఆశ్చర్యపోయింది కొటేషన్ అడుగున ఉన్న అంకె చూసి. పద్దెనిమిది లక్షలు! అందులో కొంత బ్యాంకు లోను, మిగతాది మా మరదలి బంగారం.

వాడి తొందరకీ కారణం ఉంది. రేడియం షాపులకి ఒకప్పుడు కూడుపెట్టింది బండి నంబర్లు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తయారీదారులే హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్ ఇవ్వాలన్న నిబంధన వచ్చాక ఆ పని పలచబడుతూ వచ్చింది. వేరే పని వెతుక్కోవాలి. వెతుక్కోవడానికి మిషను కావాలి. ఇంతవరకూ వాడి లెక్క సరైనదే.

ఫ్లాట్‌బెడ్ కట్టర్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ఒక పెద్ద బల్ల. పైభాగమంతా సన్నటి రంధ్రాలు, కింద గాలి పీల్చే పంపు. షీటు పరిస్తే పంపు దాన్ని బల్లకి అతుక్కునేలా పీల్చి పట్టుకుంటుంది. బల్లకి అడ్డంగా ఒక దూలం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దూలం మీద ఒక తల కుడికీ ఎడమకీ జరుగుతుంది. ఆ తలలో మనం ఏ పనిముట్టు పెడితే ఆ పని చేస్తుంది: కత్తి పెడితే కోస్తుంది, చక్రం పెడితే అట్ట మీద మడత గీత నొక్కుతుంది, రూటర్ పెడితే తొలుస్తుంది. స్విట్జర్లాండు జుండ్, నార్వేలో పుట్టిన కాంగ్స్‌బర్గ్ ఈ రంగంలో పెద్ద పేర్లు. మనవాడికొచ్చిన మూడు కొటేషన్లూ చైనా మిషన్లవి.

మూడింటిలోనూ ఒకటే పాట. సెకనుకి ఇన్ని మిల్లీమీటర్ల వేగం, ఫలానా దేశపు సర్వో మోటారు, ఇంత కచ్చితత్వం. "నువ్వు కోసేదేంటి బాబూ?" అని అడిగిన సేల్స్‌మన్ ఒక్కడూ లేడు. మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదే కదా. ముందు ఫ్రేమ్‌వర్కు ఖాయం చేసేస్తాం, తర్వాత దానికి సరిపడే సమస్య వెతుకుతాం.

నేను చెప్పింది ఒకటే. "తమ్మీ, కొటేషన్లు పక్కన పెట్టు. ఒక నెల రోజులు షాపుకొచ్చిన ప్రతి పనీ నోటుబుక్కుల రాయి. సరుకేంది, మందమెంత, ఎన్ని ముక్కలు, ఇప్పుడు ఎవరు కోస్తున్నరు, ఎంతసేపు పడ్తుంది, ఎంత పాడవుతుంది. గంతే."

నెల తిరిగేసరికి పనులన్నీ నాలుగు కుప్పలుగా తేలాయి.

మొదటి కుప్ప వినైల్ స్టిక్కర్లు, రేడియం. (రేడియం అంటాం గానీ అందులో రేడియం ఉండదు, పడ్డ వెలుతుర్ని వచ్చిన వైపే తిప్పికొట్టే సన్నటి గాజుపూసలో, పట్టకాల్లాంటివో ఉంటాయి.) దీనికి వాడేది ఈడుపు కత్తి, వాళ్ళ భాషలో డ్రాగ్ నైఫ్. దీన్ని తిప్పడానికి మోటారు ఉండదు. కత్తి మొన, పిడి నడిమధ్యలో కాకుండా సుమారు పావు మిల్లీమీటరు పక్కకి ఉంటుంది. ఆఫీసు కుర్చీ చక్రం మనం లాగిన వైపుకి తనే తిరిగినట్టు, ఇదీ తనే తిరుగుతుంది. ఆ పావు మిల్లీమీటరు సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే మూలలన్నీ గుండ్రంగా పోతాయి. మామూలు వినైల్‌కి 45 డిగ్రీల బ్లేడు, మందంగా ఉండే రేడియానికి 60 డిగ్రీల బ్లేడు. పై పొర తెగాలి, కింది కాగితం తెగకూడదు. పరీక్ష సులభం: ఒక చిన్న చతురస్రం కోసి, పీకి, వెనక కాగితాన్ని వెలుతురుకి పట్టి చూడాలి. సన్నటి గీత కనపడితే చాలు. వెలుతురు దూరి వస్తే ఒత్తిడి ఎక్కువైనట్టు.

ఇక్కడ మన తెలుగు లిపికి ఒక లాభం, ఒక తిప్పలు ఉన్నాయి. లాభం ఏమంటే మన అక్షరాలన్నీ గుండ్రం. ఇంగ్లీషు ఎమ్, డబ్ల్యూల్లాగా కోసుగా మలుపులు తిరిగేవి తక్కువ. ఈడుపు కత్తి మన 'ల'ని, 'అ'ని హాయిగా చుట్టి వస్తుంది, మరీ చిన్న సైజైతే తప్ప. తిప్పలు ఏమంటే, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ వాడే పాత అను ఫాంట్లలో తలకట్టు, గుడి లాంటివి విడి ముక్కలు. తెర మీద అక్షరానికి అతుక్కున్నట్టే కనపడతాయి, ప్రింటులోనూ తేడా తెలియదు. కత్తికి మాత్రం అవి రెండు వేర్వేరు గీతలు. రెండూ ఒకదాని మీదుగా ఒకటి కోసేస్తుంది. పీకేసరికి 'క' ఒక చేతిలో, తలకట్టు ఇంకో చేతిలో! అందుకని కోతకి పంపేముందు కోరల్‌డ్రాలో వెల్డ్ చేసి రెండు గీతల్నీ ఒకటి చేయాలి. స్టెన్సిల్ అయితే ఇంకో గొడవ. సున్న లోపలి ముక్క ఊడి పడిపోతుంది, దాన్ని పట్టి ఉంచడానికి చిన్న వారధులు వదలాలి.

ఈ కుప్పకి కొత్త మిషను అవసరమే లేదు. వాడి దగ్గరున్న పాత ప్లాటర్ చాలు. ఈ ప్లాటర్ల పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. వీటిలో చాలావాటికి ఇప్పటికీ అర్థమయ్యేది హెచ్‌పీ కంపెనీ 1970లలో పెన్నుతో గీసే ప్లాటర్ల కోసం చేసిన హెచ్‌పీజీఎల్ భాష. "పెన్ను ఎత్తు, పెన్ను దించు, ఫలానా చోటికి పో" అంతే దాని వ్యాకరణం. మిల్లీమీటరుకి 40 యూనిట్లు. పెన్ను పోయి కత్తి వచ్చింది, భాష మాత్రం అదే. మనం రెండేళ్ళకో భాష మారుస్తాం.

రెండో కుప్ప సన్‌బోర్డు. పెళ్ళిళ్ళ పేర్ల బోర్డులు, షాపుల ముందు నిలబెట్టే బొమ్మలు, నాయకుల కటౌట్లు. మూడు, ఐదు మిల్లీమీటర్ల మందం. ఈడుపు కత్తి దీన్ని కోయలేదు, చించుతుంది. దీనికి కావాల్సింది వణుకుడు కత్తి, అంటే ఆసిలేటింగ్ నైఫ్. నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందకీ ఆడుతూ, చిన్న రంపంలాగా, ముందుకెళ్తుంది. దీన్ని తిప్పడానికి విడిగా మోటారు ఉంటుంది, మూల దగ్గర కత్తిని పైకెత్తి, తిప్పి, మళ్ళీ దించుతుంది. దీనికీ ఒక హద్దు ఉంది. కత్తికి వెడల్పు ఉంటుంది కదా, మందమైన బోర్డులో చిన్న గుండ్రాలు తిప్పితే పైన ఒకలా కింద ఒకలా వస్తాయి. మూలల్లో గీత కాస్త అవతలికి కూడా పోతుంది. మందం పది మిల్లీమీటర్లు దాటితే రూటర్ మంచిది. కానీ రూటర్‌తోపాటు పొట్టు, మోత, పొట్టు పీల్చే ఇంకో మోటారు కూడా వస్తాయి. మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ వెడల్పున్న షాపులో అది పెడితే పక్క షాపువాళ్ళు ఊరుకోరు.

మూడో కుప్ప నేననుకోనిది: చీరల పెట్టెలు. పోచంపల్లి, పుట్టపాక ఇక్కడే. మహబూబ్‌నగర్ వైపు నుంచి గద్వాల, నారాయణపేట చీరలు అమ్మేవాళ్ళు కూడా వాడికి పరిచయం. (2016లో, తర్వాత 2019లో జిల్లాలు విడగొట్టాక వీటిలో ఏదీ పాత జిల్లాలో లేదు. పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరిలోకి పోయాయి, గద్వాల, నారాయణపేట రెండూ సొంత జిల్లాలయ్యాయి. అలవాటు కొద్దీ పాత పేర్లే అంటున్నా.) ఈమధ్య చాలామంది వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి కొరియర్లో పంపిస్తున్నారు. వాళ్ళకి సొంత పేరుతో పెట్టె కావాలి. ఒకరికి యాభై, ఒకరికి రెండొందలు. అందరికీ ఒకే కొలత కుదరదు. ఇక్కత్ చీర మడత ఒక ఎత్తు, జరీ అంచూ బరువైన కొంగూ ఉన్న గద్వాల చీర మడత ఇంకో ఎత్తు.

పెట్టెల పనికి పాత పద్ధతి డై పంచింగ్. ప్లైవుడ్డులో సన్నటి గాడి కోసి, అందులో ఉక్కు పట్టీలు వంచి దిగ్గొట్టి డై చేస్తారు. ఒక్క నొక్కుకి ఒక పెట్టె. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే డై అనేది కంపైల్ చేసిన ప్రోగ్రాము, ఫ్లాట్‌బెడ్ ఇంటర్‌ప్రెటరు. డై చేయించడానికి ముందు ఖర్చు ఉంటుంది, ఆ తర్వాత పరుగే. ఫ్లాట్‌బెడ్‌కి ముందు ఖర్చేమీ లేదు, ప్రతి పెట్టెకీ గీత గీతా కోసుకుంటూ పోవాలి. డైకి 3,000 అయిందనుకుందాం. పంచింగ్ పెట్టెకి రూపాయి, ఫ్లాట్‌బెడ్ మీద పెట్టెకి ఏడు రూపాయలు పడిందనుకుందాం. పెట్టెకి ఆరు రూపాయల తేడా, అంటే 500 పెట్టెల దగ్గర రెండూ సమానం. అంతకు తక్కువైతే ఫ్లాట్‌బెడ్, ఎక్కువైతే డై. ఈ అంకెలు ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటాయి గానీ కూడిక ఇదే. కొటేషన్లు చూసేముందు వేసుకోవాల్సిన కూడిక.

పెట్టెల్లో ఇంకో పాఠం, వరుస. ముందు మడత గీతలు నొక్కాలి, తర్వాత లోపలి కిటికీలు కోయాలి, అన్నిటికన్నా ఆఖర్న బయటి హద్దు. ఎందుకంటే బయటి హద్దు కోయగానే గాలి సందుల్లోంచి పోతుంది, వాక్యూమ్ పట్టు సడలుతుంది, ముక్క కదులుతుంది. ఆ తర్వాత లోపల ఏది కోసినా వంకరే. బల్ల మీద షీటు కప్పని భాగాన్ని పాత ఫ్లెక్సు ముక్కలతో మూసేస్తే పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. పనికిరాని ఫ్లెక్సుకి షాపులో కొరత లేదు కదా!

నాలుగో కుప్ప యాక్రిలిక్ అక్షరాలు. దీన్ని ఏ కత్తీ కోయలేదు. రూటరో, లేజరో కావాలి. లేజర్‌తో అంచు అద్దంలా వస్తుంది. "ఐతే లేజరే కొందాం అన్నా, సన్‌బోర్డు గూడ దాంతోనే కోసుడు" అన్నాడు మావాడు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా అడ్డం పడ్డాను. సన్‌బోర్డు, ఫ్లెక్సు, వినైల్, ఇవన్నీ పీవీసీ. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తేమ తగిలిందా, అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ముందు మనిషి ఊపిరితిత్తులు, తర్వాత మిషను లోపలి ఇనుము, రెండూ పోతాయి. షట్టరు సగం దించి ఏసీ వేసుకునే షాపులో ఆ పని పెట్టకూడదు. అమ్మేవాడు ఇది చెప్పడు, వాడు చూపించే వీడియోలో యాక్రిలికే కోస్తుంటాడు.

ఇంతవరకూ పనిముట్ల సంగతి. వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని గురించి ఆలోచిస్తుంటే నాకు చింతకింది మల్లేశం గుర్తొచ్చాడు.

మల్లేశం ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట, అప్పటి నల్లగొండ జిల్లా. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. వాళ్ళమ్మ లక్ష్మి ఆసు పోసేది. పోచంపల్లి చీరకి రంగులద్దేముందు, అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చుట్టడమే ఆసు పోయడం. మీటరు మేర చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. ఒక్క చీరకి సుమారు 9,000 సార్లు. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. చీరకి నాలుగైదు గంటలు. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళదే, భుజం నొప్పి కూడా వాళ్ళదే. మల్లేశం 1992లో ఆ నొప్పి పోగొట్టే యంత్రం పని మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు. చీరకి గంటన్నర పట్టేలా చేశాడు. దానికి వాళ్ళమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఈ కథ చాలామందికి తెలుసు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆయన పద్ధతి. ముందు యంత్రం కోసం చూడలేదు. అమ్మ చెయ్యి ఏమేం చేస్తోందో విడదీసి చూశాడు: పైకీ కిందకీ పోవడం ఒక కదలిక, మేకు నుంచి మేకుకి దారం మార్చడం ఇంకో కదలిక. ఒక్కో కదలికకీ విడిగా జవాబు వెతికాడు. ఏళ్ళ తరబడి కొరుకుడుపడని ఆఖరి కదలికకి జవాబు దొరికింది హైదరాబాదు బాలానగర్లో, ఆసుతో ఏ సంబంధమూ లేని వేరే మిషను దగ్గర. కావాల్సిన కదలిక ఏదో అంత తేటగా తెలిసి ఉండబట్టే, ఇంకో పనిలో అది కనపడగానే గుర్తుపట్టగలిగాడు. మా తమ్ముడి నోటుబుక్కు కూడా ఆ పద్ధతిలో చిన్న మెతుకు లాంటిదే.

పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే మావాడి షాపులో కత్తి పట్టేది వాడి అమ్మ కాదు, జీతానికి పనిచేసే ఇద్దరు పిల్లలు. ఆసు యంత్రం ఇంటావిడ నొప్పి తీసేసింది, మిగిలిన గంటలు ఆ ఇంటికే దక్కాయి. షాపులో ఫ్లాట్‌బెడ్ ఆదా చేసే గంటలు యజమానికి దక్కుతాయి, పోయేది పనివాడి కూలి. రెంటినీ ఒకే గాటన కట్టి "యంత్రం వస్తే అందరికీ మంచిదే" అనడం మన ఐటీవాళ్ళకి అలవాటు. ఇప్పుడు మన ఉద్యోగాల మీదికీ యంత్రాలు వస్తున్నాయి కాబట్టి, ఆ మాట కాస్త గొంతు తగ్గించి అంటున్నాం.

నోటుబుక్కులో "ఎవరు కోస్తున్నరు" అన్న గడి అందుకే పెట్టించాను. ఆ గడిలో తేలిందేంటంటే, పిల్లల్లో ఒకడు కటౌట్ల పనిలో గట్టివాడు. నాయకుడి క్రాపు, కండువా అంచు వాడు చేత్తో తిప్పినట్టు ఫైలు గీసి మిషనుకివ్వాలంటే, గీసేందుకే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. పైగా కటౌట్లు ఒక్కోటే వస్తాయి. రెండోవాడి రోజంతా చీరపెట్టెలు స్కేలు పెట్టి గీరి, కోసి, మడవడంలో పోతోంది. బొటనవేలు కాయకట్టి, వారానికోసారైనా బ్లేడు తెగి కట్టు. అంటే నొప్పి ఉన్నది పెట్టెల దగ్గర, నైపుణ్యం ఉన్నది కటౌట్ల దగ్గర. మిషను పోవాల్సింది నొప్పి ఉన్న చోటికి.

ఇది తేలాక కొనడం పెద్ద కష్టం కాలేదు. ఎనిమిదడుగులు నాలుగడుగుల పూర్తి షీటు పట్టే బల్ల వద్దన్నాం, అది షాపులో పడితే మనిషి తిరగడానికి జాగా ఉండదు. అందులో సగం సైజు బల్ల. తలలో మూడే పనిముట్లు: ఈడుపు కత్తి, వణుకుడు కత్తి, మడత చక్రం. రూటర్ లేదు, లేజర్ లేదు. యాక్రిలిక్ ఎప్పట్లాగే హైదరాబాదుకి పంపడమే. వెయ్యి పెట్టెల ఆర్డరొస్తే డై పంచింగే. మొత్తం పదిలక్షల లోపు తేలింది. బంగారం ఇంట్లోనే ఉంది. ("బావా, మిషిన్ సంగతి నాకు తెల్వదు గని, నగలు మిగిలినయ్" అంది మరదలు.)

కొనేముందు ఇంకో షరతు పెట్టించాను: డెమో వాళ్ళ సరుకుతో కాదు, మన సరుకుతో. మన అట్ట, మన సన్‌బోర్డు, మన తెలుగు ఫైలు తీసుకుని పొమ్మన్నాను. ముగ్గురిలో ఒకరి మిషను మీద మన అట్ట మడతల దగ్గర పగిలింది, చక్రం మరీ సన్నం. బ్లేడ్లు, బల్ల మీది మ్యాటు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయి, ఎన్నాళ్ళకి మార్చాలి అన్నవి కూడా రాయించుకున్నాం. మొద్దుబారిన బ్లేడు ఇంకో పూట నడిపితే మిగిలేది కొన్ని రూపాయలు, పాడయ్యే షీటు అంతకు పదింతలు.

పెట్టెల పిల్లాడే ఇప్పుడు మిషను నడుపుతున్నాడు. ఏ అట్ట ఎటు మడిస్తే పగులుతుందో వాడి చేతికి ముందే తెలుసు, అందుకని ఒత్తిడి సెట్టింగులు మాకన్నా వాడే బాగా పెడుతున్నాడు. జీతం కొంచెం పెంచారు, ఇంకా పెంచాలని నేను పోరుతున్నాను. నల్లగొండ ఎండల్లో వినైల్ జిగురు మెత్తబడి బ్లేడుకి అంటుకుంటోందని కనిపెట్టి, మే నెలలో స్టిక్కర్ల కోతంతా పొద్దున్నే పెట్టుకుంటున్నదీ వాడే. ఏ కొటేషన్లోనూ ఆ సంగతి లేదు.

లోను కిస్తీలు ఇంకా నాలుగేళ్ళున్నాయి. అన్నాళ్ళూ చీరపెట్టెల ఆర్డర్లు ఇలాగే వస్తాయా అంటే, అది చీరలు అమ్ముడుపోవడం మీద ఉంది. మగ్గాల మీద నేసేవాళ్ళు మిగలడం మీద ఉంది. ఏ కత్తి ఎంచుకున్నా ఆ లెక్క మన చేతిలో లేదు. చేతిలో ఉన్నంతవరకు, సరుకు చూసి కత్తిని, కత్తిని చూసి మిషన్ని ఎంచుకున్నాం. ఇద్దరు పిల్లలూ షాపులోనే ఉన్నారు.